అంచు లేని ఫోనుకు ఒక చుక్క ఎక్కువ

ఫోన్ల అంగడిలో పద్నాలుగేండ్లు పనిచేసి, కండ్లు మసకబారడంతో రెండేండ్ల కిందట మానుకున్నాను. ఇప్పుడు ఆ పనిలో చేరుతున్న ఆడపిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "అత్తా, బుడగ రాకుండా గ్లాస్ ఎట్లా అంటించాల?" అని అడుగుతుంటారు. బుడగ సంగతి పది నిమిషాల్లో నేర్పించి పంపిస్తాను. బుడగ రాకపోతే చాలు, పని వచ్చేసినట్టే అనుకుని నేను చేసిన తప్పు ఒకటుంది. అది చెప్పాలంటే మాత్రం పది నిమిషాలు చాలవు. అందుకే రాసి పెడుతున్నాను.

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు ఒంట్లో ఎప్పుడూ నలతగా ఉండేది. మా అమ్మ వంటింటి గడప మీద కూర్చోబెట్టుకుని, చర్చి పాటల పుస్తకంలోనే అక్షరాలు చూపించి చదువు నేర్పింది. మా నాయన నంద్యాలలో పుస్తకాలు బైండింగు చేసేవాడు. పాటల పుస్తకాలు, బైబిళ్లు, బడి పుస్తకాలు, చినిగినవన్నీ మా ఇంటికే వచ్చేవి. బంక కాచడం, అట్టకు పూయడం, అరచేత్తో నిమిరి గాలి పోగొట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ విషయంలో ఆయనకు ఒకే ఒక్క నియమం ఉండేది. "బంక అంచు దాకా రావాల. నాలుగు పక్కలా సన్నగా ఉబికితేనే అట్ట నిలుస్తాది. లోపలే ఆగిపోయిందా, ఎల్లుండికి ఊడ్తాది" అనేవాడు. ఆయన కట్టిన అట్టలు ఇప్పటికీ కొన్ని చర్చీల్లో ఊడలేదు. దేవుడు నాకిచ్చిన తల్లిదండ్రులకు నేను రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను. ఈ కథలో తప్పు నాది, ఆ నియమానిది కాదు.

తర్వాత నాకు ఓనరైన ఫోన్ల అంగడాయన తన కూతురి పుస్తకాలకు అట్టలు వేయించుకోవడానికి ఒకసారి మా ఇంటికి వచ్చి, నేను ప్లాస్టిక్ కవరు అంటిస్తుంటే కదలకుండా నిలబడి చూశాడు. నాకన్నా చాలా చిన్నవాడు.

"అక్కా, ఒక్క బుడగ గూడా లేదే! ఇదే పని నా అంగట్లో చేస్తావా? పుస్తకాలు కాదు, ఫోన్లు."

అట్లా నంద్యాల అంగట్లో స్క్రీన్ గార్డుల బల్ల దగ్గర కూర్చున్నాను. తర్వాత ఆయన ఆళ్లగడ్డలో ఇంకో అంగడి తెరిచి నన్ను అక్కడికి పంపించాడు. రోజూ పొద్దున బస్సెక్కి పోయేదాన్ని. పోగానే బల్ల తుడిచి, అర నిమిషం కండ్లు మూసుకుని, ఆ దినం నా చేతి కిందికి వచ్చే ఫోన్లన్నిటి కోసం ప్రార్థన చేసుకుని పని మొదలుపెట్టేదాన్ని.

పక్క బల్ల మా మెకానిక్ భాయ్‌ది. కోయిలకుంట్ల మనిషి. రేడియోల కాలం నుంచి రిపేరు పనిలో ఉన్నవాడు. "అక్క దేవునితో మాట్లాడతాంది, ఎవురూ కదిలించొద్దండి. లైన్ కట్టయితే మళ్లీ కలవదు" అని రోజూ గిరాకీలతో చెప్పేవాడు. రోజూ అదే మాట. రోజూ నవ్వొచ్చేది.

మొదట్లో వచ్చిన ఫోన్లకు చుట్టూ వేలు పట్టేంత అంచు ఉండేది. పుస్తకంలో పేజీకి చుట్టూ తెల్లగా వదిలిన జాగా లాంటిది. అచ్చు మీద వేలు పడకుండా పట్టుకోవడానికే ఆ జాగా అని మా నాయన చెప్పేవాడు. ఏడాదేడాదికీ ఫోన్లలో ఆ అంచు సన్నబడుతూ వచ్చింది. చివరికి ఒకరోజు మా ఓనరు కొత్త ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. తెర రెండు పక్కలా వంగి, నీళ్లు గట్టు దాటినట్టు కిందికి జారిపోయి ఉంది.

"చూడక్కా, అంచనేదే లేదు. అంతా తెరే!"

"బాగుందప్పా. మరి యాడ పట్టుకోవాల?"

"పట్టుకునేదానికి కాదక్కా, చూసేదానికి."

"ఫోన్ వస్తే?"

ఆయన రెండు వేళ్లతో ఫోనును ఎత్తాడు. "అప్పుడు పట్టుకోవాల్సిందే" అన్నాడు.

అబద్ధం ఎందుకు, చూడ్డానికి ఆ ఫోను చాలా బాగుండేది. అక్షరాలు ఎంత పెద్దగా చేసుకున్నా వరుస తెగదు. మా సంఘంలో ముసలి పాస్టరు గారు కళ్లజోడు లేకుండా అందులోనే వాక్యం చదివేవారు. ఆయన దాన్ని పళ్లెంలో పెట్టినట్టు రెండు అరచేతుల మీద పెట్టుకుంటారు కాబట్టి ఏ చిక్కూ రాలేదు. మిగతావాళ్లు అట్లా మోయరు కదా. రుద్రవరం నుంచి ఒక శనగ రైతు వచ్చాడు. చేను పనిలో గట్టిపడిన చెయ్యి. ఫోను పట్టుకుంటే చాలు, అరచెయ్యి ఆ వంపు తెరకు తగిలి వాళ్ల అత్తకు ఫోను పోతుంది. దినానికి నాలుగైదుసార్లు.

"ఏమప్పా, ఆమె కోప్పడ్తాందా?" అన్నాడు భాయ్.

"కోపమా! ఇంత ప్రేమగల అల్లుడు ఊర్లో ఎవురికీ లేడని అందరికీ చెప్పుకుంటాందంట. నిన్న నెయ్యి పంపించింది. ఇప్పుడు బాగు చేయించుకునేదా, వద్దా?"

భాయ్ ఆ ఫోనుకు లావుపాటి రబ్బరు కవరు తొడిగి చేత్తో పట్టేదానికి జాగా చేశాడు. ఫోను పోవడం ఆగింది. నెయ్యి సంగతి నాకు తెలియదు.

ఇట్లాంటి వంపు తెరలకు మామూలు గ్లాస్ అంటదు. దీనికి వేరే పద్ధతి. తెర మధ్యలో పలుచని బంక చుక్కలు పోసి, వంగిన గ్లాసును మెల్లగా దించాలి. బంక నలుదిక్కులా పాకుతుంది. తర్వాత యూవీ అనే నీలం లైటు కింద పెడితే గట్టిపడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకెంత సంతోషమైందో! ఇది మా ఇంటి పనే కదా అనుకున్నాను. బంక అంచు దాకా వచ్చిందా, సన్నగా ఉబికిందా అని చూసి, రాలేదనిపిస్తే ఇంకొక్క చుక్క పోసేదాన్ని. మా నాయన పై నుంచి చూస్తే మెచ్చుకుంటాడని కూడా అనుకునేదాన్ని. గర్వం ఎప్పుడూ మంచి బట్టలు కట్టుకునే వస్తుంది.

ఆ గ్లాసు ప్యాకెట్లో రెండు సన్నటి నల్ల పట్టీలు వచ్చేవి. బియ్యపుగింజంత పొడవు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పారేయడం ఎందుకని ఒక చిన్న డబ్బాలో దాచిపెట్టేదాన్ని.

ఉయ్యాలవాడ పక్కన ఒక పల్లెలో పనిచేసే ఆశా కార్యకర్త మా అంగడికి పాత గిరాకీ. నలభై దగ్గరి మనిషి, చురుకైనది. కడుపుతో ఉన్నవాళ్లను, బాలింతలను కనిపెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోవడం ఆమె పని. ఆమె పాత ఫోను పగిలిపోయి కొత్తది కొనడానికొచ్చింది. ఫోనులో పేర్లు, తేదీలు ఎక్కించాలి కదా, తెర పెద్దదైతే సుఖమని నేనే ఆ అంచు లేనిది చూపించాను. "నువ్వు చెప్తే తిరుగుందాక్కా" అని తీసుకుంది. గ్లాసు కూడా నేనే వేశాను. బంక అంచు దాకా వచ్చింది. ఇంకొక్క చుక్క కూడా పోశాను.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం ఆమె మళ్లీ వచ్చింది. ఎప్పుడూ గడపలోనే పలకరించే మనిషి, ఆ దినం నేరుగా ఓనరు ముందు ఫోను పెట్టింది.

"అన్నా, ఇందులో అవతలోళ్ల మాట ఇనపడదు. కొన్న వారం నుంచీ ఇంతే. చెవికి గట్టిగా అదుముకున్నా చీమ నడిచినట్టు ఇనపడ్తాది."

"స్పీకర్ పెట్టుకుంటే?"

"స్పీకర్ బ్రహ్మాండంగా పలుకుతాది. అదే నా కొంప ముంచింది."

మొన్న కోయిలకుంట్ల నుంచి షేర్ ఆటోలో వస్తుంటే ఆమెకు ఫోను వచ్చిందట. ఊర్లో ఒక కోడలు పిల్ల. ఆ పిల్లకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోసారి. మూడు నెలలు దాటేదాకా ఇంట్లో కూడా చెప్పొద్దని, ఆశా అక్క ఒక్కదానికే చెప్పుకుంది. ఈమెకు మాట వినపడక, అలవాటుగా స్పీకర్ నొక్కింది. పలికే లోపలే ఆ పిల్ల, "అక్కా, నెల తప్పి యాభై దినాలాయె, స్కానింగుకు ఎప్పుడు పోదాం?" అని అడిగేసింది. ఆటోలో ఎనిమిదిమంది. అందులో ఒకామె ఆ పిల్ల అత్తకు సొంత చెల్లెలు.

"ఆటో కన్నా ముందే ఊర్లోకి చేరింది అక్కా ఆ మాట" అని నా వైపు తిరిగి చెప్పింది. "ఆ పిల్ల ఇప్పుడు నా ఫోన్ ఎత్తదు. ఇంటికి పోతే తలుపు తీయదు. మిగతావాళ్లు గూడా అంతే. ఏదన్నా చెప్పుకోవాలంటే, నీకు చెప్తే దండోరా వేసినట్టే గదా అంటాండారు. నాకు వాళ్ల నమ్మకం తప్ప ఏముందన్నా? రేప్పొద్దునకు ఆ పిల్లకు స్కానింగు రాయించి పెట్టినా. రెండు పోయినాయి. ఇది గూడా పోతే నేనేం కావాల?"

ఓనరు ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు. చెడ్డవాడు కాదు. కానీ అంగడి మనిషి. "నీళ్లు పడింటాయమ్మా. నీళ్లు పోతే కంపెనీ గూడా గ్యారంటీ ఇయ్యదు" అన్నాడు.

"ఒక్క చుక్క గూడా పడలేదు!"

ఈలోగా భాయ్ ఫోను తీసుకుని, భూతద్దం కంటికి పెట్టుకుని పై భాగం చూశాడు. పాత ఫోన్లలో అయితే అంచు మీద మాట వినపడే జాగా జల్లెడలాగా బాగా కనపడేది. దీనికి అంచే లేదు కదా. గాజుకూ చట్రానికీ మధ్య వెంట్రుకంత సందు పెట్టి, మాటంతా అందులోంచే రావాలన్నారు. భాయ్ చాలాసేపు చూసి, ఓనరు వైపు కాకుండా నా వైపు తిరిగాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, యూవీ గ్లాసు ప్యాకెట్లో సన్న పట్టీలు వస్తాయి గదా. ఏం చేస్తాండావ్ వాటిని?"

నేను సంబరంగా డబ్బా తీసి మూత తెరిచాను. "ఒక్కటి గూడా పారేయలేదు భాయ్."

ఆయన డబ్బాలోకి చూశాడు. నన్ను చూశాడు. ఆ మనిషి ఎగతాళి చేయని సందర్భం నా ఎరుకలో అదొక్కటే.

"బంక పోసేముందు ఆ సందు మూసేదానికక్కా అవి" అన్నాడు.

భూతద్దం నాకిచ్చాడు. సందంతా మిలమిలా మెరుస్తోంది, చక్కగా, బుడగ లేకుండా గట్టిపడిన బంక.

ఆ క్షణంలో నా మనసులో ఏముందో దాచను. ఓనరు ఇంకా నీళ్ల సంగతే చెబుతున్నాడు. భాయ్ నోరు విప్పడని నాకు తెలుసు. నేను తల వంచుకుని ఇంకో ఫోనుకు గార్డు అంటించుకుంటూ కూర్చుంటే ఆ తప్పు ఆమె నెత్తిన పడి బయటికి పోయేది. పొద్దున చేసిన ప్రార్థన మధ్యాహ్నానికి అట్లా ఎదురొచ్చి నిలబడింది.

"నీళ్లు కాదప్పా" అన్నాను. "నా బంక. నేనే పోసినాను. సందు మూయాలని నాకు తెలియదు. ఈ పట్టీలు దాచిపెట్టుకుంటాండా."

ఓనరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏందక్కా ఇది! పని మొదలుపెట్టేటప్పుడు రోజూ దేవున్ని అడుగుతావు గదా. అప్పుడన్నా ఆయన చెప్పల్యానా?"

"చెప్పినాడు నాయనా, ప్యాకెట్లోనే పట్టీలు పెట్టి. నేనే అడగలేదు."

భాయ్ ముందు నవ్వాడు. తర్వాత ఓనరుకూ నవ్వు ఆగలేదు. ఆశా అక్క మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తూ, "పోనీలే, నేనే తెలివితక్కువదాన్ని అనుకుంటాంటి. ఏం చేసి చెడగొట్టుకున్నానా అని నెలంతా నన్ను నేనే తిట్టుకుంటి" అంది. కోపంగా అన్నా తట్టుకునేదాన్ని. మెల్లగా అంది.

చేయగలిగినవి రెండే అన్నాడు భాయ్. ఫోను హైదరాబాదు పంపిస్తే పదైదు దినాలు. లేదంటే ఇక్కడే వెచ్చ చేసి గ్లాసు ఊడదీసి, సందులో బంకను కరిగించి సూదితో తీయాలి. "కానీ ఈ తెర వంపు దగ్గర కోడిగుడ్డు పెంకు మాదిరి ఉంటాది. ఒత్తిడి పడితే మొత్తం పోతాది. అప్పుడు మాట ఇనపడేది అటుంచి, పేరు గూడా కనపడదు."

"పదైదు దినాలు నాకు యాడున్నాయన్నా? నాకుండేది రేపటి దాకా. ఈడే చేయి" అంది ఆమె.

భాయ్ చేతులు కడుక్కుని కూర్చున్నాడు. గ్లాసు ఊడదీయడానికే అర్ధగంట పట్టింది. నేను అంత గట్టిగా అంటించానని మెచ్చుకున్నాడు కూడా. తర్వాత కుంచెతో మందు అద్ది, అంగట్లో ఉన్న అన్ని సూదుల్లోకీ సన్నదాన్ని తీసుకున్నాడు. నేను లైటు పట్టుకున్నాను. బంక సగ్గుబియ్యపు పొడిలాగా రేణువు రేణువుగా వచ్చేది.

"అక్కా, కండ్లు మూసుకోవద్దు. లైటు కదుల్తాది."

"మూసుకోలేదు భాయ్."

"ప్రార్థన చేయొద్దనల్యా. కండ్లు తెరిచి చేయి."

అట్లాగే చేశాను. కండ్లు తెరుచుకుని చేసిన ప్రార్థనల్లో అంత గట్టిది ఇంకోటి లేదు.

దాదాపు రెండు గంటల తర్వాత భాయ్ సూది కింద పెట్టి, తెర వెలిగించాడు. ఎక్కడా గీత లేదు. నేను అంగడి బయటికి పోయి నా ఫోను నుంచి ఆమెకు చేశాను.

"ఇనపడ్తాందా అమ్మా?"

"ఇనపడ్తాంది. అరవద్దక్కా, చెవి పోతాది!"

దేవునికి స్తోత్రం చెప్పుకుని లోపలికి వచ్చాను. ఆమె అప్పటికే ఆ పిల్ల నంబరు నొక్కి ఫోను చెవికి ఆనించుకుంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు. "చూస్తిరా?" అన్నట్టు మా ముగ్గురినీ చూసి, స్టూలు మీద కూలబడింది. ఓనరు టీ తెప్పించాడు. అంచు లేని ఫోను బాగైంది. బాగు కావాల్సింది అది కాదు కదా.

ఊరికే కూర్చోలేక, నేను డబ్బాలో పట్టీలు లెక్కపెట్టాను. ఇరవై రెండు. అంటే పదకొండు ఫోన్లు. ఆమెది పోను ఇంకా పదిమంది చెవుల్లో నా బంక ఉంది. గిరాకీల పుస్తకం చూసి ఒక్కొక్కరికీ ఫోను చేసి, తప్పు నాది, తెస్తే బాగు చేసిస్తామని చెప్పాను. ఏడుమందికి అసలా సంగతే తెలియదు! మా వైపు సగం మందికి ఫోను చెవి దగ్గర పెట్టుకునే అలవాటు లేదు. నోటి ముందర పెట్టుకుని ఊరంతా వినేటట్టు మాట్లాడతారు. ఒక పెద్దమనిషైతే, "నా మాట వాళ్లకు ఇనపడ్తాంది గదమ్మా? సాల్లే. వాళ్ల మాట నాకెందుకు?" అని పెట్టేశాడు.

ఆ సాయంత్రమే ఓనరు గోడ మీద అప్పటిదాకా ఉన్న "నీళ్లు పడితే గ్యారంటీ లేదు" అనే బోర్డు తీయించి, నా చేతే ఇంకోటి రాయించాడు, పట్టీలు వేసినామో లేదో అడిగి ఫోను తీసుకోండి అని. నేను పని మానే దాకా ఆ బోర్డు నా నెత్తి పైనే ఉండేది. అడగని గిరాకీ లేడు. పిల్లల్లారా, పెట్టెలో వచ్చిన ప్రతి ముక్కా ఎందుకని అడగండి. సిగ్గుపడొద్దు. తెలిసిన పనిలాగే కనపడే కొత్త పని దగ్గర ఇంకా ఎక్కువ అడగండి. ఇప్పుడు కంపెనీలవాళ్లే మళ్లీ చదును తెరలకు వస్తున్నారట, అరచెయ్యి తగిలినా పలకకుండా చేస్తున్నారట. వాళ్లకు కూడా ఎవరో చెప్పి ఉంటారు.

ఆ దినానికే వస్తాను. బోర్డు మీద రాసిన రంగు ఆరకముందే ఆమె ఫోను మోగింది. తెర మీద పేరు చూసి ఆమె దిగ్గున లేచింది. వేలు స్పీకర్ మీదికి అలవాటుగా పోయి, గాల్లోనే ఆగింది. ఫోను చెవికి ఆనించుకుని, మా ముగ్గురి మధ్య నుంచి బయటికి పోయి, మెట్లు దిగి, మా వైపు వీపు పెట్టి గోడ దగ్గర నిలబడింది. చాలాసేపు మాట్లాడింది. మాట్లాడిందనేకన్నా విన్నదనాలి. అప్పుడప్పుడు తల ఆడించేది. ఒకసారి కొంగుతో కండ్లు తుడుచుకుంది. ఒకసారి నవ్వినట్టు భుజాలు కదిలాయి. ఆ పిల్ల ఎంత తిట్టిందో, ఏం చెప్పుకుందో, ఒక్క ముక్క కూడా మాకు వినపడలేదు. అంతసేపూ నేను దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నది ఆ ఒక్కదానికే.

ఆమె ఫోను సంచిలో వేసుకుని, ఎదురుగా నిలబడిన వాళ్ల ఊరి ఆటో దగ్గరికి పోయింది. ఆటో ఎక్కుతూ డ్రైవరుతో అన్న మాట మాత్రం వినపడింది.

"అన్నా, రేప్పొద్దున ఏడుకంతా మా వీధిలోకి రా. ఆసుపత్రికి పోవాల. రెండు సీట్లు పెట్టు."

"రెండా? నీతో ఇంకెవురొస్తాండారు?"

"నీకెందుకప్పా? తోలు బేగా."